ఓబులేసు గోల్‌కీపర్

మంగళవారం, మైదుకూరు

ఆన్‌లైన్ ఫుట్‌బాల్ ఆటలో దేశ సమాఖ్యకు అధ్యక్షుణ్ణి కదా, ఈరోజు జాతీయ జట్టును ప్రకటించాను. తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఓబులేసు జాతీయ జట్టుకు మంచి కీపర్ కావాలన్న నా మాట మీద రెండేళ్లుగా ఆ ఆటలోని తన క్లబ్బులో ఒక గోల్‌కీపర్‌ను తయారుచేస్తున్నాడు. షిఫ్టు దిగి, అన్నం కూడా తినకుండా తెర మీద ఆ కీపర్ శిక్షణే చూసుకునేవాడు. వాణ్ణి పక్కన పెట్టి నా క్లబ్బు కీపర్‌ను తీసుకున్నాను. నా వాణ్ణి దేశం జెర్సీలో చూసుకోవాలన్న యావ, ఇంకేం లేదు.

సాయంత్రం ఓబులేసు ఫోన్ చేస్తే తిడతాడనుకున్నాను.

“మావోడికి యాడ తక్కువైందన్నా?” అన్నాడు.

ఎక్కడా తక్కువ కాలేదు. నా వాడికంటే మేలే. అయినా, “ఎగిరి పట్టడం శానా తక్కువప్పా” అనేశాను.

“నేనే సరిగ్గా నేర్పలేదేమోలేన్నా. రేపట్నుంచి అదే చేపిస్తా, ఏమనుకోవద్దు.”

జట్టు మార్చుకోవడానికి అప్పటికింకా గంట గడువుంది.

మార్చలేదు.