మైకు ఆగిన క్లాసు

నాన్నా, మన వంశప్రతిష్ఠకు నేను చేసిన ఘోర అపచారానికి ముందే క్షమాపణలు. నిన్న ఆన్‌లైన్‌లో లైబ్రరీ సైన్సు పాఠం మధ్యలో నా మైకు ఆగిపోయింది. పుస్తకాల వర్గీకరణ గురించి చివరిదాకా చేతులు ఊపుతూనే ఉన్నాను, ఒక్కరూ నోరు మెదపలేదు. మైకు వచ్చాక అడిగితే ఒకమ్మాయి, "లైబ్రరీ కదా సార్, నిశ్శబ్దం ఎలా పాటించాలో చూపిస్తున్నారనుకున్నాం" అంది.

నీ గొంతు ఆపరేషన్ కుట్లు మానాయా? అక్క కొన్న పలక మీద రాస్తున్నావా, అలిగి మూల పడేశావా? ఆదివారం ఫోన్ చేస్తాను. నువ్వు చెంచాతో గ్లాసు మీద కొట్టు, తిట్టావనే అనుకుంటాను. అమ్మకు, అక్కకు దండాలు.

మైకు తనంతట తాను ఆగలేదు నాన్నా. నీకిక మాట రాదని డాక్టరు చెప్పాడంటూ క్లాసు మధ్యలో అక్క మెసేజ్ వచ్చింది. మైకు నేనే ఆపేసి, క్లాసు అయ్యేదాకా ఉత్తినే పెదాలు ఆడించాను.