మగపిల్లలను బయటికి పంపిన పాఠం

కోలార్ బంగారు గనులు

అక్కకు, నీ చెల్లెలు సుశీల నమస్కరించి రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని చదివాక ప్రాణం కుదుటపడింది. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. మనసు సంగతి అడగకు, నేనే చెబుతాను.

ఇక్కడ చలి మొదలైంది. గాలి లేస్తే గని దిబ్బల మీది తెల్లటి దుమ్ము పక్క మీదికీ అన్నంలోకీ వచ్చి పడుతుంది. భూమి లోపల రాయి పేలితే నా గదిలో గిన్నెలు అదురుతాయి. వచ్చిన కొత్తలో భయపడి బయటికి పరిగెత్తేదాన్ని, ఇప్పుడు గిన్నెల మీద చెయ్యి పెట్టి ఊరుకుంటున్నాను. ఇంటామె రోజూ రాగిముద్ద పెడుతుంది, తిండికి లోటు లేదు. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త నిమ్మకాయ ఊరగాయ పంపించు. నా గురించి దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

జాతరలో మీ శీను మన తమ్ముడి కూతురు రాధ జడ పట్టుకుని లాగితే అది ఏడ్చిందనీ, ‘కాబోయే మొగుడే కదే’ అని అందరూ నవ్వారనీ రాశావు. నాకు నవ్వు రాలేదక్కా. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను పాఠం చెప్పే పదో తరగతిలో నాగవేణి అని ఒక పిల్ల ఉండేది. తండ్రి గనిలో దిగి పనిచేస్తాడు. ఆ పిల్ల మేనత్త కొడుకు మురళిదీ అదే తరగతి. చదువులో చురుకు, పిలవకముందే వచ్చి నా పుస్తకాలు మోసేవాడు. చిన్నప్పటినుంచీ వాళ్ళ వీధిలో అందరూ ఆమెను వాడి పెళ్ళామనే పిలిచేవారు. వాడు దారికి అడ్డం నిలబడినా, చెయ్యి పట్టుకున్నా వాళ్ళకు సరసమే. ఆ పిల్ల విసుక్కుంటే అది సిగ్గు.

సైన్సు పుస్తకంలో శరీరం ఎదగడం గురించి పాఠం ఉంటుంది కదా. పాత టీచర్లు ఇంట్లో చదువుకోమని దాటేసేవారట. నేను చెబుతానని పట్టుబట్టాను. పుస్తకంలో లేనిది కూడా చెప్పాలనుకున్నాను. మన ఒళ్ళు మనది, ఇష్టం లేకుండా ఎవరూ తాకకూడదు, వద్దంటే ఎదుటివాళ్ళు ఆగాలి అని. హెడ్మాస్టరు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. “మొగపిల్లోళ్ళు ఇకిలిస్తారమ్మా. వాళ్ళని బయట ఆడుకోనీ, ఆడపిల్లోళ్ళకి చెప్పు” అన్నారు. ఎంత వాదించినా వినలేదు.

ఆడపిల్లలు తలలు వంచుకుని విన్నారు. నాగవేణి ఒక్కతే లేచి, “వరసైనోడైతే గూడా వద్దు అనొచ్చునా టీచర్?” అని అడిగింది. అనొచ్చు అన్నాను. కిటికీలోంచి కబడ్డీ కూత వినిపిస్తూనే ఉంది. మురళి ఆ ఆటలో ఉన్నాడు.

కొన్నాళ్ళకే, స్కూలు వదిలాక, దిబ్బల పక్క దారిలో వాడు ఆమె మీద అఘాయిత్యం చేశాడు. అంతకంటే రాయలేను. విని నాగవేణి ఇంటికి పరిగెత్తాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని, “మీరు చెప్పినట్టే వద్దు అని అరిచినాను టీచర్. నవ్వినాడు. నేను వద్దంటే అందరూ నవ్వుతారు గదా, వాడూ అట్లే నవ్వినాడు” అంది.

నా గుండె పగిలిపోయిందక్కా. వద్దనడం ఆమెకు నేర్పాను. అది వినాలని వాడికి ఎవరు నేర్పారు? ఆ రోజు గదికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

పోలీసుల దగ్గరికి వెళదామంటే వాళ్ళ నాన్న, “స్టేషన్ మెట్టెక్కితే నేను గనిలో దూకేస్తా” అన్నాడు. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే, “పరాయోడా టీచరమ్మా? ఇంటోడే గదా. వాడికే ఇచ్చేస్తే ఇంగ మాట్లాడేవాళ్ళు యాడుండారు?” అంది. ఆ పిల్లకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు. బడి మాన్పించి క్యాసంబళ్ళి అనే పల్లెలో అవ్వ ఇంటికి పంపేశారు. వాడు మాత్రం రోజూ వచ్చి ముందు బెంచీలో కూర్చుంటున్నాడు. వాణ్ణి చూస్తూ నేను పాఠం చెప్పాలి.

పోయిన ఆదివారం బస్సెక్కి క్యాసంబళ్ళి వెళ్ళాను. నాగవేణి పట్టుపురుగులకు ఆకు వేస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. “ఇప్పుడు ఏ పాఠం జరగతా ఉండాది టీచర్?” అని అడిగింది. నా పుస్తకం చేతిలో పెట్టి, నేనే ఏడ్చాను. పరీక్ష రాసేవరకైనా పెళ్ళి మాట ఎత్తొద్దని అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. “చూస్తాంలేమ్మా” అంది, నా మొహం చూడకుండా.

ఆ పాఠం మగపిల్లలకు కూడా చెప్పి తీరతానని హెడ్మాస్టరుతో గట్టిగా అనేశాను. ఉద్యోగం ఊడితే నీ దగ్గరికే వస్తాను, ఇంత ముద్ద పెట్టు.

ఇక నీ ఇంటి సంగతి. శీను చెడ్డవాడని అనడం లేదక్కా. మురళిని కూడా ఎవరూ చెడ్డవాడనుకోలేదు. శీనును దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడు. నీకు బిడియంగా ఉంటే బావగారితో చెప్పించు. రాధను వాడి పెళ్ళామని పిలవడం ఇంట్లో అందరూ మానెయ్యండి. నా మీద కోపం వస్తే రానీ, ఈ ఒక్కటీ చెయ్యి.

అమ్మకూ, పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. నాకంటే ముందు నాగవేణిని దీవించు. రాధ ఇంకోసారి ఏడిస్తే నువ్వు మాత్రం నవ్వకక్కా. శీను నీ మొహమే చూస్తాడు.

నీ చెల్లెలు
సుశీల