విరగ్గొట్టి పో!

జూన్ 9

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది. కుడి మణికట్టు విరిగింది.

దేవరాజు. మా వీధికి నీళ్ళ క్యాన్లు వేసే దేవరాజే. నేను కాపలా కాసే రైలు గేటు కేబిన్‌లోకి జొరబడ్డాడు. బూములు, ఆ పొడవాటి అడ్డగడలు, దించే ఇనుప హ్యాండిల్ నా చేతిలోంచి లాక్కుని దాంతోనే కొట్టాడు. "నా బండి పట్టిచ్చినావు గదమ్మే... నా బిడ్డలకి కూడు నువ్వు పెడతావా?" తలకే ఎత్తాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

గేటుకు అటూ ఇటూ అంత జనం. అందరి చేతులూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నాయి. ఒక్క చెయ్యి వాణ్ని పట్టుకోలేదు.

జూన్ 11

నేను చేసిన పాపం ఏమంటే — పోయిన వారం వాడు మూసిన గేటును గుద్ది బూమ్ విరిచాడు, నేను రిపోర్టు రాశాను. రాయకపోతే నా ఉద్యోగం పోతుంది. పోలీసులు వాడి బండి పట్టుకుపోయారు. కుట్టి యానై అంటారు ఈ ఊళ్ళో, ఆ చిన్న లారీని. అదే వాడికి అన్నం.

నాదీ అన్నమే కదా!

కొట్టినందుకు నేనూ కేసు పెట్టాను. వెనక్కి తీసుకోను. తీసుకోను గాక తీసుకోను.

జూన్ 15

మురళి పురసవాక్కం షాపులో పొద్దంతా చీరలు మడత పెట్టి, ఇంటికొచ్చి నన్నూ మడత పెట్టాలని చూస్తాడు. "వాడూ మనోడే గదా. ఒకే వీధి. పోనీ ఇడిచిపెట్టమే..." నా మొగుడు మంచివాడే. విరిగిన చెయ్యి మాత్రం నాది. అన్నం కలుపుకోలేక స్పూనుతో తింటున్నాను, పసిపిల్లలాగా.

దేవరాజు బండి విడిపించుకున్నాడు. ఎదురింటికి క్యాను, పక్కింటికి క్యాను. మా గడప దాటేసి పోతున్నాడు. మురళి వీధి చివరి కొట్టునుంచి భుజాన మోసుకొస్తున్నాడు.

జూన్ 22

కల. బూమ్ వాడి మెడ మీదకి దిగుతోంది. హ్యాండిల్ తిప్పేది నేనే. మెల్లగా... చాలా మెల్లగా. లేచాక హాయిగా అనిపించింది.

జూలై 28

కట్టు విప్పారు. చెయ్యి ఎండిన మునక్కాడలా ఉంది. స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ చేశాను. "వేరే గేటు ఇప్పిస్తానమ్మా, రద్దీ ఉండదు." వద్దు సార్. నా గేటే కావాలి.

ఆగస్టు 4

మళ్ళీ డ్యూటీ. గంట మోగుతుంది, రైలు వస్తోందని. హ్యాండిల్ తిప్పుతాను, మణికట్టులో మేకులు దిగుతాయి. బూములు సగం దిగేసరికి కిందనుంచి దూరతారు — స్కూటర్లు, సైకిళ్ళు, చంటిబిడ్డను చంకనేసుకున్న ఒక మహాతల్లి. ఆపితే బూతులు. "ఏయ్ గేటూ! తియ్యే!" నా పేరు గేటు.

తాళం ఇమ్మంటారు. గేటు మూసి తాళం తిప్పితేనే రైలుకు పచ్చ సిగ్నల్ పడుతుంది. ఇక రైలు దాటేదాకా ఆ తాళం పెట్టెలోంచి ఊడదు. బ్రహ్మదేవుడు దిగొచ్చి లాగినా ఊడదు. వీళ్ళకేమో నేను పొగరుతో ఇవ్వనట్టు!

కిటికీకి రాయి పడింది. అద్దం ముక్కలు అన్నం గిన్నెలో.

ఆగస్టు 9

వాడు విరిచిన బూమ్‌కు అతుకు వేసి పెట్టారు. అతుకు వదులు. కొసన పట్టుకుని ఎత్తితే లేస్తోంది. కొత్తది కావాలని ఎన్నిసార్లు చెప్పాలి? "వస్తుందమ్మా." వస్తుంది, ఎవడో పోయాక.

ఆగస్టు 13

మళ్ళీ ఎడమ చేత్తోనే... వరసగా రాయాలి.

గేటు మూశాను. తాళం తిప్పాను. పచ్చ పడింది. అంతలో ఇద్దరు మగాళ్ళు అతుకుల బూమ్‌ను పైకెత్తి పట్టుకున్నారు. దాని కిందనుంచి ఒక కుట్టి యానై దూరింది. దేవరాజుది. వెనక బూమ్ వదిలేశారు. ముందర రెండో బూమ్. నడుమ పట్టాల మీద వాడు.

స్టేషన్‌కు ఫోన్ ఎత్తి అరిచాను, రైలు ఆపండి అని. "సిగ్నల్ దాటేసిందమ్మా!" ఎర్రజెండా ఊపుకుంటూ బయటికి ఉరికాను. రైలు అప్పటికే మలుపు తిరిగింది.

ఆ క్షణంలో — ఈ కాగితానికైనా నిజం చెప్పాలి — నాకు సంతోషం వేసింది. చావు రా, అనుకున్నాను. బండిలోంచి వాడు నన్నే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు దానంతటదే వచ్చేసింది అరుపు.

"గుద్దు! గేటును ఇరగ్గొట్టుకోని పో రా!"

లోపల చిక్కినవాడు గుద్దితే విరిగేదే ఆ బూమ్. వాడికి తెలియని సంగతి కాదు. కదలడే!

"మళ్ళా కేసు పెడతావు గదమ్మే! బండి పట్టుకపోతారు!"

రైలు నెత్తి మీద కూస్తోంది. వీడికి కేసు గొడవ!

"పెట్టను రా సచ్చినోడా! పో!"

గుద్దాడు. బూమ్ రెండు ముక్కలు. వెనకనుంచి క్యాన్లు జారి పట్టాల మీద పడ్డాయి, రైలు వాటిని తొక్కుకుంటూ పోయింది. బాంబుల్లా పేలాయి. మొహమంతా తడి. నెత్తురనుకున్నాను. నీళ్ళు.

వాడు బండి దిగాడు. పరిగెత్తి వెళ్ళి జెండా కర్రతో కొట్టాను. వీపు మీద, మెడ మీద, మొహం మీద. కర్ర విరిగింది. చేత్తో కొట్టాను. వాడు విరిచిన ఆ చేత్తోనే. వాడు తిరిగి చెయ్యెత్తలేదు.

ఈసారి మాత్రం జనం పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. నన్ను.

ఆగస్టు 14

మళ్ళీ కట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

వీడియో ఊరంతా తిరుగుతోంది. అందులో రైలు లేదు, అతుకుల బూమ్ లేదు. నేను కొట్టడమే ఉంది. షాపులో చీర బేరమాడుతూ ఒకావిడ మురళికే చూపించిందట. "ఏం ఆడదిరా సామీ!" నా పెళ్ళాం అని చెప్పాడట. ఆ మాట విని ఏడ్చాను.

డ్యూటీ నుంచి సస్పెండ్ చేశారు.

ఆగస్టు 16

పోలీసు ఇన్‌స్పెక్టర్ పిలిపించాడు. దేవరాజు కూడా నా మీద కంప్లైంట్ ఇచ్చాడట. "నువ్వు వాణ్ని, వాడు నిన్ను. ఇద్దరూ వాపస్ తీసుకోండి, సరిపోతుంది." దేనికి దేనితో సరి?

విరిగిన రెండో బూమ్ సంగతి అడిగాడు. కేసు పెట్టనని వాడికి మాటిచ్చాను కదా. "విరగ్గొట్టమన్నది నేనే సార్. అది నా మీద రాసుకోండి. నా చెయ్యి మాత్రం వాడి మీదే."

నవ్వాడు. "ఎల్లుండి ఇద్దరూ రండమ్మా. సంతకమో, కోర్టో."

ఆగస్టు 17

పొద్దున తలుపు తీస్తే గడప పక్కన నీళ్ళ క్యాను. సీలు ఊడలేదు. వీధిలో ఎవరూ లేరు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. అంతే, ఇంకేముంటుంది వాడి దగ్గర? ...ఆ రోజు వాడు తిరిగి కొట్టి ఉంటే బాగుండేది.

"లోపల పెట్టేదా?" అన్నాడు మురళి.

"ముట్టుకున్నావంటే చూడు!"

వాడి మొహం మీద నా కర్ర పడిన చోటు... వద్దు.

రేపు పోలీసు స్టేషన్‌లో వాడూ నేనూ ఎదురెదురుగా కూర్చోవాలి. సంతకం పెడతావా అని మురళి అడగడం మానేశాడు. బిందె మాత్రం వంచి చూపించాడు, చుక్క లేదు.

సాయంత్రమైంది. గొంతు ఎండుతోంది. క్యాను ఇంకా గడప అవతలే ఉంది.