మా శీనుగాని రెండు వయసులు

శుక్రవారం, 1977, ఇబ్రా, ఒమన్

ఎట్ల రాయాలె, సంతోషం ఆగుతలేదు! నా కొడుకు శీనుగాన్ని కంపెనీ క్రికెట్ టీమ్‌ల తీసుకున్నరు!

మస్కట్ నుంచి టీమ్ చూసుకునే ఖాజా సాబ్ వచ్చి పొద్దటి సంది పోరగాళ్ల ఆట చూసిండు. ఆయన మెచ్చినోళ్లే మస్కట్ పోయి పెద్ద టీమ్ దగ్గర నేర్చుకుంటరు. మావోడు బ్యాటు పట్టి రెండో బంతికే ఔటయిండు. నా పానం పోయింది. క్యాచులు మాత్రం ఒక్కటి జారనియ్యలేదు. ఏడాది సంది సైట్‌ల నేను పైకెల్లి విసిరే ఖాళీ సిమెంటు తట్టలు పట్టిన చేతులాయె!

ఖాజా సాబ్ కంపెనీ కాగితం చూసి పెదవి విరిచిండు. "చేతులు మంచిగున్నయ్ చాచా. లేకిన్ ఇరవై నాలుగేండ్లు. ఇగ ఏం ఎదుగుతడు? నాకు చిన్నోళ్లు గావాలె."

నా నోరాగలేదు. "పందొమ్మిదే సాబ్! ఈడ పనికి వయసు చాలదని పాస్‌పోర్ట్‌ల నేనే పెంచి రాయించిన. ఆడు పుట్టిన రాత్రి వానల మంత్రసానిని పిలుసుకొచ్చింది నేనే!"

ఆయన పకపకా నవ్విండు. "నా పాస్‌పోర్ట్‌ల నేను మా అన్న కన్న పెద్దోన్ని చాచా!" అనుకుంట శీను పేరు రాసుకున్నడు.

ఆ మాట ఆఫీసుల ఎవలికన్న తెలిస్తె ఏమైతదో... ఖాజా సాబ్ చెప్పడు. చెప్పేటట్టు లేడు.

శీనుగాడేమో, "బాపూ, మస్కట్‌ల నాకు తట్టలెవలు విసురుతరే?" అని మొఖం చిన్నగ చేసుకున్నడు. సూడు, పందొమ్మిది గాదా మరి!