డబ్బాలు తట్టే చెంగమ్మ

చిత్తూరు,
19-7-1984.

అమ్మ పాదాలకు మునిలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ నేను, నీ అల్లుడు, పిల్లలు బాగున్నాం. సత్యవేడులో నువ్వూ నాయనా కూడా ఏ నలతా లేకుండా ఉన్నారనుకుంటూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నీ అల్లుడికి దగ్గు పూర్తిగా తగ్గింది. మామిడి సొనకు పుండ్లు పడిన నా చేతులూ మానాయి. కాయలు కోసే పని నుంచి నన్ను గోడౌనుకు మార్చి నెలన్నర అయింది కదా. ఎందుకు మార్చారు, ఏమైనా తప్పు చేశావా అని అడిగావు. మార్చేనాటికి ఏ తప్పూ చేయలేదమ్మా. తర్వాత చేశాను. అది చెప్పాలంటే ముందు చెంగమ్మ గురించి చెప్పాలి.

మా ఫ్యాక్టరీలో మామిడి గుజ్జును డబ్బాల్లో నింపి, మూత బిగించి, ఉడికించి, గోడౌనులో పేరుస్తారు. మూత సరిగా బిగియకపోతే గాలి చొరబడి గుజ్జు పులిసిపోతుంది. పైకి మాత్రం డబ్బాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని వారం తర్వాత ప్రతి మూతనూ చిన్న ఇనుప పుల్లతో తట్టి చూస్తారు. మంచిదైతే ఖంగుమంటుంది. చెడిపోయింది మొద్దుగా పలుకుతుంది. పద్నాలుగేళ్లుగా ఆ పని చెంగమ్మ ఒక్కతే చేస్తోంది. ఎవరికైనా నేర్పమని మా సూపర్‌వైజరు దామోదరం గారు ఎన్నిసార్లు చెప్పినా, "ఇంటే తెలుస్తాదప్పా, నేర్పేదానికి ఏముండాది?" అనేసేది.

డబ్బాలు అందించడానికి నన్ను ఆమె పక్కన వేశారు. ఒక్క ముక్క చెప్పేది కాదు. నేను వింటూ కూర్చున్నాను. ఇరవై రోజులకు ఆ తేడా నా చెవికి పట్టుబడింది.

అప్పుడే ఒకరోజు ఆమె మంచివాటిలో పెట్టిన డబ్బా ఒకటి నాకు మొద్దుగా వినిపించింది. మరునాడు రెండు. పక్కనుంచి పిలిచినా ఒక్కోసారి తిరిగి చూసేది కాదు. చెంగమ్మకు చెవులు మందగించాయని అందరికంటే ముందు నాకే తెలిసింది.

అమ్మా, నీకు ఇన్నాళ్లూ రాయలేకపోయింది ఇదే. ఆ సంగతి ఆమెతోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె అన్నానికి వెళ్లినప్పుడు ఆ డబ్బాలు ఏరి దామోదరం గారికి చూపించాను. ఆరు రోజుల్లో అలా పదకొండు డబ్బాలు చూపించాను. మామిడికాయలు అయిపోగానే మమ్మల్నందరినీ ఇంటికి పంపేస్తారు. ఏడాది పొడుగునా పని ఉండేది ఆమెకే. అది నాకు రావాలని ఆశపడ్డాను.

ఏడో రోజు ఆయన, "సోమవారం నుంచి నువ్వే తట్టు. చెంగమ్మను నిలిపేస్తా" అన్నారు. నేను కోరుకున్నదే అది. కానీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే, ఇక చెంగమ్మ ఏం తింటుందనే ఆలోచన వదల్లేదు.

మరునాడు పొద్దున్నే ఆమె పక్కన కూర్చుని, గట్టిగా, ఏమీ దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతిలోని పుల్ల కింద పెట్టింది.

"యాడుండాయి ఆ డబ్బాలు?" అంది.

పదకొండు డబ్బాలూ తెచ్చాను. మూత అంచున రెండు వేళ్లు ఆనించి, ఒక్కొక్కటే తట్టి, మూడు పక్కన పెట్టింది.

"ఇవి మంచివేమే. గుజ్జు నిండుగా పోసినారు, అందుకే మొద్దుగా పలకతాయి. సెవికి రెండూ ఒగటే. యేలికి ఏరే. సెడిపోయిన దాని మూత యేలి కింద అదురుతాది సూడు."

"మరి ఆ చెడ్డవి నీకెట్ల తప్పిపోయినాయి పెద్దమ్మా?"

"మొద్దుగా పలికినదాని మీదే కదా యేలు పెట్టేది! ఆ పలుకే ఇనపడకపోతే యాడ పెట్టేది? సెవి పోతా ఉండాదని నాకూ తెలుసే. సెప్తే పంపేస్తారని బయపడినా."

ఆ తర్వాత నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి మధ్యాహ్నం దాకా నేర్పింది. తన పని లాక్కోబోయిన దానికి, అమ్మా!

ఇద్దరం కలిసి దామోదరం గారి దగ్గరికి వెళ్లాం. "నేను మంచి డబ్బాలు మూడు పారేయించబోయినాను సార్. నాకు సగం పనే తెలుసు. ఆమెను పంపితే మిగతా సగం ఆమెతోనే పోతాది" అన్నాను. ఆయన ఆ మూడూ కోయించారు. తాజా మామిడి వాసన గదంతా నిండింది.

"ఇంకో నలుగురికి నేర్పు చెంగమ్మా" అన్నారు.

"అందరికీ వచ్చేస్తే నన్నేల పెట్టుకుంటారప్పా?"

"నేర్పేదానికే" అన్నారాయన. ఆ మాట ఆమెకు వినపడేలా రెండుసార్లు చెప్పారు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "నేనూ అట్లే నేర్చుకున్నా మునిలచ్చిమీ" అంది. "డబ్బాలు తట్టేదానికి మద్రాసు నుంచి రాజారత్నమని ముసలాయన వచ్చినాడు. ఆయన పక్కన కూసోని ఇన్నా. ఆయన్ను నిలిపేసి నన్ను పెట్టినారు. పోతాపోతా నా తట్టు తిరిగి సూసినాడు. నేను తల వంచుకున్నా. నువ్వు నాతో సెప్పినావు కదమే, అంతే సాలు."

ఇప్పుడు నలుగురం నేర్చుకుంటున్నాం, ఐదో మనిషి నిన్న చేరింది. పంకజాక్షి అని, కాణిపాకం పిల్ల. వేలి కింద అదురు తెలియగానే దాని ముఖం వెలిగిపోయింది. "అక్కా, నీకిది ఎవరు నేర్పినారు?" అని అడిగింది. "చెంగమ్మ" అన్నాను. ఎదురుగా ఉన్న ఆమెకు వినపడలేదు. లేచి వెళ్లి చెవి దగ్గర చెప్పాను, ఈ పిల్లకు నీ పేరు చెప్పాను పెద్దమ్మా అని. "సెప్పితే సెప్పినావులే, పని సూడు" అని కసిరింది. కానీ ఆ పూటంతా ముసిముసిగా నవ్వుతూనే ఉంది.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడడానికి సిద్ధంగా ఉన్న నీ కూతురు
మునిలక్ష్మి