వానాకాలపు గీత

నాసిర్‌కు, మీ భాభీ రాసేది.

ఫైబర్ పడవకి కలిపిన రెసిన్, పూయకముందే బకెట్లో రాయైపోతోందని నీ మనిషి చెప్పాడు. సంతోషం. మీ అన్న చనిపోయిన వానాకాలంలో, "ఆడవాళ్లకెందుకు భాభీ ఈ పని?" అంటూ షాపుతోపాటు రెసిన్ గట్టిపడ్డానికి కలిపే హార్డెనర్‌ని నేను కొలిచే మూత కూడా లాక్కున్నావు. దానిమీద నేను గీసిన గీత వానాకాలానిది. బెజవాడ ఎండలకి హార్డెనర్ తగ్గించాలి. ఎంత తగ్గించాలో మాత్రం చెప్పను.

పని అడగడానికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి, కూర్చోడానికి స్టూలైనా లేదన్నావు. గడ్డకట్టిన ఆ బకెట్ పారేయకు, బోర్లించి ఉంచు. నువ్వు బతిమాలి పిలిచిన రోజు దానిమీదే కూర్చుంటాను. నువ్వు నిలబడి నేర్చుకుందువుగాని.