మ్యాక్‌లో విండోస్, షాపులో ప్రార్థన

శనివారం రాత్రి, కోవూరు

నా మ్యాక్ కంప్యూటర్‌ని అమ్మేది లేదు. పెళ్లికార్డులు చేసే నా పాత తెలుగు సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నా వేళ్లకు వచ్చింది అదొక్కటే. అందుకే మ్యాక్‌లో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం వేసి, అందులో విండోస్ నడుపుతున్నాను. నత్తనడకే, ఒప్పుకుంటాను. ఈరోజు పాస్టరు గారు షాపులో కూర్చుని ఉండగా, వాళ్లమ్మాయి పెళ్లికార్డు చేస్తుంటే మధ్యలో బిగుసుకుపోయింది.

"ఇది అమ్మేసి విండోస్ కంప్యూటర్ కొనుక్కోమని ఎప్పుడో చెప్పినా. కాదంటే ఏ కంప్యూటర్లోనైనా నడిచే యూనికోడ్ టైపింగ్ నేర్చుకో," అన్నాడు మా ఆయన, పాస్టరు గారి ముందే.

నాకు ఒళ్లు మండింది. పాస్టరు గారు మాత్రం మ్యాక్ మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, దీన్ని నడిపించయ్యా" అని ప్రార్థించారు.

"ఆమెన్," అన్నాడు మా ఆయన, అలవాటు కొద్దీ.

కాసేపటికి కార్డు కదిలింది. సోమవారం మళ్లీ ఆగుతుందేమో. ఆగనీ. ఇది నడవాలని మా ఆయనే ఆమెన్ అన్నాడు. ఇంకోసారి అమ్మెయ్యమననీ, చూస్తాను!